నడిచే చరిత్ర: గోదావరి నుంచి కెస్లాపూర్ దాకా

గోదావరికి ఇవతలి ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా, అవతలి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయి కొత్త పేర్లు వచ్చినా మన తరం వారి నోట ఇంకా ఈ రెండు పేర్లే వస్తాయి. ఈ రెండు ఒడ్డులలోనూ ఎవరూ జీతం ఇవ్వకపోయినా, ఎవరూ పురమాయించకపోయినా చరిత్ర కోసం పాటుపడిన మనుషులున్నారు. ఒక ఒడ్డున వారు పోయిన చరిత్రను వెతికి పట్టుకున్నారు. మరో ఒడ్డున పోకుండా చూసుకుంటున్నారు. స్వర్ణోత్సవ సంచిక కనుక, ఈ రెండో పని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

వెతికిన చరిత్ర

పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న కోటిలింగాల నేడు జగిత్యాల జిల్లాలోది. అక్కడ సంగనభట్ల నరహరిశర్మ గారు శ్రద్ధగా సేకరించిన నాణేలను శాసన పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివారు. గోబద, నారన, కంవాయ, సమగోప వంటి శాతవాహన పూర్వ రాజుల పేర్లు, సిముకుని పేరు లోకానికి తెలిశాయి. ఆ తరువాతే పురావస్తు శాఖ తవ్వకాలు జరిగాయి. ఇవాళ శ్రీరామోజు హరగోపాల్ గారి వంటి వారు నడుపుతున్న 'కొత్త తెలంగాణ చరిత్ర బృందం' అదే బాటలో స్వచ్ఛందంగా గుట్టలు, గుళ్లు తిరుగుతూ శాసనాలను, శిల్పాలను వెలుగులోకి తెస్తోంది.

కానీ కోటిలింగాలలో కొంత భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటిలో మునిగింది. మట్టిలో దొరికిన చరిత్రకు ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. స్థలం పోతే ఆధారమూ పోతుంది.

నడిచే చరిత్ర

ఇంగ్లండులో 1968లో మొదలైన 'సీల్డ్ నాట్' అనే స్వచ్ఛంద సంస్థ సభ్యులు 17వ శతాబ్దపు దుస్తులు వేసుకుని ఆనాటి అంతర్యుద్ధపు పోరాటాలను మైదానాల్లో ప్రదర్శిస్తారు. ఇలాంటివాటిని 'సజీవ చరిత్ర' అంటారు. ఇవి చూడముచ్చటగా ఉంటాయి, పిల్లలకు పాఠమూ అవుతాయి. అయితే సాయంత్రానికి ఆ దుస్తులు విప్పి ఎవరి ఇంటికి వారు వెళ్తారు.

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కెస్లాపూర్‌లో మెస్రం వంశీయులు చేసేది వేషం కాదు, ప్రదర్శన కాదు, కొలుపు. రాజగోండులలో ఒక వంశమైన మెస్రం వారికి నాగోబా కులదైవం. పుష్య మాసంలో వారు కెస్లాపూర్ నుంచి బయలుదేరి, చెప్పులు లేకుండా, రోజుల తరబడి ఊళ్లమీదుగా నడిచి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు చేరతారు. అక్కడ గోదావరి జలాన్ని ఝరిలో నింపుకుని మళ్లీ నడిచే వస్తారు. కెస్లాపూర్ చేరాక మర్రిచెట్ల కింద విడిది చేసి, పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతో నాగోబాకు మహాపూజ చేస్తారు.

ఈ క్రతువులో ప్రతి పనికీ మనుషులున్నారు. పూజకు కావలసిన కుండలు సిరికొండలోని కుమ్మరి ఇంట తయారవుతాయి. వంశపు ఆడపడుచులు, అల్లుళ్లు కలిసి మట్టి కలిపి పుట్టలు చేస్తారు. కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టుకుని 'భేటింగ్'లో దేవుని ముందుకు వస్తారు. ఆ తరువాతే వారు వంశంలో కలిసినట్టు లెక్క. అంటే ఏటా ఒక తరం మరో తరానికి తన పేరు, దారి, బాధ్యత అప్పగిస్తోందన్నమాట. ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో కాగితం చూసి తెలుసుకునే పని లేదు. కాళ్లకు తెలుసు. నాగోబా గుడిని కూడా మెస్రం వారు సొంత చందాలతో కొత్తగా రాతితో కట్టుకుని 2022లో ప్రారంభించుకున్నారు.

వంశ చరిత్ర చెప్పే బాధ్యత ప్రధాన్లది. మూడు తీగల కిక్రి వాయిస్తూ గోండుల పుట్టుక, వంశాల విభజన, దేవతల కథలు వారు పాడతారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే ప్రధాన్లు కూడా కథను గోండీలోనే పాడతారు. మనం గ్రంథాలయం అనేదాన్ని వారు గొంతులో మోస్తున్నారు.

బడికీ దీనికీ సంబంధం

1940లో జోడేఘాట్‌లో కొమరం భీం అమరుడయ్యాక, నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో నివసించారు. నాగోబా జాతరలో దర్బారు ఆయన చొరవతోనే మొదలైంది. మన ఉపాధ్యాయ మిత్రులకు ముఖ్యమైన విషయం మరొకటుంది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలకు గోండు పంతులు, గోండీలో పాఠం అన్నది ఆనాటి ఆలోచన.

అదే ప్రాంతంలో, నార్నూర్ మండలం గుంజాలలో, గోండీకి సొంత లిపి ఉన్న రాతప్రతులు పెద్దల ఇళ్లలో ఉన్నాయి. జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకుల కృషితో ఆ లిపి బయటి ప్రపంచానికి తెలిసింది. 2018లో యూనికోడ్‌లో చేరింది. దానిని చదవగలిగిన కొద్దిమంది వృద్ధులు అప్పటిదాకా ఉండబట్టే ఇది సాధ్యమైంది. వారు కూడా పోయి ఉంటే ఆ కాగితాలు మనకు గీతలుగానే మిగిలేవి.

వేదికతో వచ్చే చిక్కు

మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా గర్వించాం. ఆయన 2024లో కన్నుమూశారు. గుస్సాడీ దీపావళి రోజుల దీక్ష. నెమలి ఈకల టోపీ పెట్టినవారు దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు. దండారీ బృందం ఒక ఊరి నుంచి మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. అక్కడ బంధుత్వాలు కలుస్తాయి. ఇంత జీవితాన్ని మనం సభల్లో ముఖ్య అతిథి వచ్చేలోపు పది నిమిషాల అంశంగా కుదిస్తున్నాం. టోపీ కనిపిస్తుంది, ఊరు కనిపించదు. చప్పట్లతో కళాకారునికి గౌరవం దక్కవచ్చు గాని, కిక్రి కథ అర్థం చేసుకునే శ్రోత మాత్రం తయారు కాడు. ప్రధాన్ గొంతు ఆగితే ఎంత నష్టమో, వినేవాడికి గోండీ రాకపోయినా అంతే నష్టం.

అందుకే మన సంఘానికి ఒక విన్నపం. వార్షికోత్సవానికి గుస్సాడీ బృందాన్ని పిలవడం కన్నా, దీపావళికి వారి ఊరికి అనుమతితో అతిథులుగా వెళ్దాం. వారు ఒప్పుకుంటే ప్రధాన్ల పాటలను పూర్తిగా, అర్థంతో సహా రికార్డు చేసి, ఒక ప్రతి వారి ఊరి బడికే ఇద్దాం. ఉపాధ్యాయులుగా ఉన్న మన మిత్రులు, పుష్య మాసంలో పెద్దల వెంట నడవడానికి వెళ్లిన పిల్లవాడిని 'బడి ఎగ్గొట్టాడు' అనకుండా, తిరిగి వచ్చాక ఆ దారి గురించి తరగతిలో చెప్పమని అడగాలి. తోటి పిల్లలకు ఆ రోజు చరిత్ర పాఠం అదే.