చెరుకు తోట జ్వరం: ఎర్ర కణాలూ, ఎవరూ లెక్కపెట్టని చేతులూ

బోధన్ చరిత్ర అనగానే రెండు తేదీలు చెప్తారు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ప్రాజెక్టు కట్టించిన ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు అందరికీ తెలుసు. తడి మడుల్లో ఉత్త కాళ్లతో దిగి, ఆకు అంచులకు చేతులు కోసుకుపోతుంటే చెరుకు నరికిన వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఈసారి ఆ కోసుకుపోయిన చేతుల వైపు నుంచి చరిత్ర చూద్దాం.

లెప్టోస్పైరోసిస్. మనం ఎలుక జ్వరం అంటాం. 1886లో జర్మన్ డాక్టర్ అడాల్ఫ్ వైల్ దీని లక్షణాలు రాసిండు. 1915లో జపాన్‌లో ఇనాడా, ఇడో దీని క్రిమిని పట్టుకున్నారు. అక్కడ ఈ రోగం బొగ్గుగని కార్మికులది. మిగతా చోట్ల వరి కూలీలది, చెరుకు కూలీలది, మురుగుకాల్వలు తీసేవాళ్లది. రోగానికి కులం లేదంటారు. కానీ అది వచ్చే పనికి ఉంది.

ఎలుకలు, పశువుల కిడ్నీల్లో ఉండే ఈ మెలికల బ్యాక్టీరియా మూత్రంతో నీళ్లలోకి, బురదలోకి వస్తుంది. మన కాలి పగుళ్ల నుంచి రక్తంలో చేరుతుంది. దీనిలో కొన్ని రకాలు హీమోలైసిన్ అనే విషాలను వదులుతాయి. ఎర్ర కణం పైపొరలో స్ఫింగోమైలిన్ అనే కొవ్వు ఉంటుంది. విషం దాన్ని కత్తిరిస్తుంది. పొర చిల్లుపడి లోపలి హీమోగ్లోబిన్ బయటికి కారిపోతుంది. పశువుల ఎర్ర కణాల్లో ఈ కొవ్వు చాలా ఎక్కువ. అందుకే జబ్బుపడ్డ లేగదూడ ఎర్రగా మూత్రం పోస్తుంది. మనుషుల్లో కామెర్లకు ముఖ్య కారణం కాలేయం దెబ్బతినడం. కిడ్నీలు, ఊపిరితిత్తులు కూడా పాడైతే ప్రాణమే పోతుంది.

ఆ పశువు చనిపోతే ఈడ్చుకెళ్లిందెవరు? తోలు ఒలిచిందెవరు? ఊరు ఆ పనిని మాదిగల మీద రుద్దింది. అంటరానితనంతో పాటు క్రిమినీ ఊరే మన చేతికిచ్చింది.

ఇదే రోగం ఆస్ట్రేలియాలో సమ్మె పుట్టించింది. క్వీన్స్‌లాండ్ చెరుకు ప్రాంతంలో కోత కూలీలు ఈ జ్వరంతో చనిపోతుంటే, తోట కాల్చి ఎలుకలను తరిమితేనే కోస్తామని 1934లో, మళ్లీ 1935లో పని ఆపారు. కాల్చి కోయడం తర్వాత అక్కడ ఆనవాయితీ అయింది. జ్వరం వాళ్ల చేతిలో డిమాండ్ అయింది. మన దగ్గర "విషజ్వరం" అనే ఒక్క మాట కింద పూడిపోతుంది.

బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరుకు, బురద, ఎలుకలు మాత్రం ఉన్నాయి. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలు, తర్వాతి సవరణలతో, పశు కళేబరాల పనిలో వచ్చే అంటురోగాన్ని వృత్తి వ్యాధిగా గుర్తించింది. అంటుకునే ప్రమాదమున్న ఇతర పనులనూ చేర్చింది. అంటే ఇది కర్మ కాదు, హక్కు.

విద్యార్థులారా, వాడలో ఎవరికైనా జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే పసరు మందు దగ్గర ఆగనివ్వకండి. దవాఖానాలో మొదట వాళ్లు చేసే పని చెప్పండి. తొందరగా పట్టుకుంటే పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులకే తగ్గుతుంది. చీటీ మీద రోగం పేరు రాయించండి. పేరు రాస్తేనే లెక్క, లెక్క ఉంటేనే హక్కు.

జై భీమ్.