రెండు పాటల తగవు

2023 సెప్టెంబరు 15న దుబాయి నగరంలో దక్షిణ భారత చలనచిత్రాలకు ‘సైమా’ పురస్కారాల సభ జరిగింది. 2012లో ఈ పురస్కారాలు తొలిసారి ఇచ్చినదీ ఆ నగరంలోనే. ఆనాటి తెలుగు విభాగంలో ఉత్తమ గీత రచయిత బహుమతి ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’కు గాను చంద్రబోస్‌కు లభించింది. అప్పటికే ఆ పాట జనవరిలో గోల్డెన్ గ్లోబును, మార్చి 12న ఆస్కారును గెలుచుకుని ఉన్నది.

అయితే దుబాయి సభకు మూడు వారాల ముందు, ఆగస్టు 24న, ఢిల్లీలో ప్రకటించిన జాతీయ పురస్కారాలలో ‘నాటు నాటు’కు నృత్య దర్శకత్వ బహుమతి రాగా, ఉత్తమ గాయకుని బహుమతి మాత్రం అదే చిత్రంలోని మరొక పాటకు వచ్చింది. అది సుద్దాల అశోక్‌తేజ రచించిన ‘కొమురం భీముడో’. దానిని పాడిన కాలభైరవ ‘నాటు నాటు’ పాడిన ఇద్దరిలో ఒకడు. రెండింటికీ స్వరం కూర్చినది కీరవాణి. స్వరకర్త ఒక్కడే, గొంతూ ఒక్కటే. మరి ఈ రెంటిలో బలమైన పాట ఏది?

సినిమా పాటల గొడవ మన పత్రికకు ఎందుకని పాఠకులకు తోచవచ్చును. కూలి ఒప్పందంపై ఓడలెక్కిన వారి బిడ్డలమైన మనకు ఈ తగవు పరాయిది కాదని నా మనవి.

ముందు కథను గుర్తు చేసుకుందాం. అల్లూరి సీతారామరాజు 1924లో తెల్లవారి తుపాకులకు బలి అయ్యాడు. గోండు వీరుడు కొమురం భీము నిజాం ప్రభుత్వంతో పోరాడి 1940లో జోడేఘాట్ వద్ద నేలకొరిగాడు. వీరిద్దరూ కలిసి తిరిగినట్టు చూపటం చిత్రకారుల కల్పన. కల్పన అయినా కాలం మాత్రం మనకు తెలిసినదే. చిత్రకథ 1920లో మొదలవుతుంది. అదే ఏడాది జనవరి 1న ఫిజీలో మిగిలిన కూలి ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

‘నాటు నాటు’ దొరల విందులో పుడుతుంది. నల్లవాడికి నాట్యం ఏం తెలుసునని ఒక దొర ఎగతాళి చేస్తాడు. దానికి జవాబుగా డప్పు మోగుతుంది, ఇద్దరు మిత్రులు చిందులు వేస్తారు. దొరసానులు వచ్చి కలుస్తారు, పందానికి దిగిన దొరలు అలసి కూలబడతారు. ఈ పాటను తేలికగా చూడరాదు. పగలంతా చెరకు నరికిన చేతులు రాత్రి డోలక్ పట్టుకున్న కథ మనది. మారిషస్‌లో రామభజనం నేటికీ నిలిచి ఉన్నదంటే, అలసిన మనిషి పాడటం మానలేదు కనుకనే. ఆ ఆనందమే ఒక ఎదిరింపు.

‘కొమురం భీముడో’ కొరడా కింద పుడుతుంది. నలుగురి ఎదుట భీముని కట్టివేసి, మోకరిల్లమని కొడతారు. అతడు మోకరిల్లడు. తనను తానే పేరు పెట్టి పిలుచుకుని, వంగితే కన్నతల్లి వంటి అడవికే తలవంపులని హెచ్చరించుకుంటూ పాడతాడు. దొరను ఒక్క మాటైనా వేడుకోడు. చూస్తున్న జనం కట్టలు తెంచుకుని తిరగబడతారు. తుపాకుల కోసం ఏళ్ల తరబడి కాచుకున్న రామరాజు, ఒక్క పాట ఇంతమందిని ఆయుధాలుగా మార్చిందని అప్పుడు గ్రహిస్తాడు. ఏ పాటకు బలం ఎక్కువో కథే తీర్పు చెప్పినట్లయింది.

నా ఓటూ ఆ పాటకే. మొదటి పాట మన సత్తా ఏమిటో దొరకు చూపుతుంది. దాని గెలుపును గుర్తించటానికి దొర ఎదురుగా ఉండాలి. రెండవ పాటకు దొర మెప్పుతో పని లేదు. తోటలలో సర్దారు దెబ్బలు తిన్న మన ముత్తాతలకు మెచ్చుకునే సభ ఏదీ లేదు. వంగిపోకుండా నిలబడటానికి తమకు తాము చెప్పుకున్న మాటే వారికి దిక్కు.

ఇక దుబాయి సంగతి. 1971లో ఏర్పడిన అరబ్ ఎమిరేట్స్‌కు కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, కడప, కోనసీమల నుండి తెలుగువారు వేలాదిగా కూలికి వెళ్లారు, వెళ్తున్నారు. భీము పుట్టిన ఆదిలాబాద్ నేల వారూ వారిలో ఉన్నారు. మనవారి ఓడ ప్రయాణమూ వారి విమాన ప్రయాణమూ ఒకటి కావు. వారికి చేతిలో ఫోను ఉన్నది, తిరిగివచ్చే దారి ఉన్నది. అయినా ఏజెంటుకు కట్టటానికి తెచ్చిన అప్పు, గడువున్న ఒప్పందం, ఊరి పొలిమేరలో తల్లి కన్నీరు మనకు కొత్తవి కావు. దుబాయి సభలో గెలిచినది ఆటపాట. ఆ నగరంలో ఇటుక మోసిన తెలుగువాడి ఒంటరి రాత్రికి దగ్గరైనది మాత్రం రెండవదని నేననుకుంటాను.

మన ఉగాది వేదికలపై పిల్లలు ‘నాటు నాటు’కు చిందులు వేస్తున్నారు. వేయనీయండి. ఆ పిదప వారిని కూర్చోబెట్టి రెండవ పాట వినిపించండి. ఆ కొరడా ఏమిటని వారు అడిగితే, మన ఇంటి కథ అక్కడినుండి మొదలుపెట్టండి.