యుద్ధవార్తలు – సత్యాసత్యములు: భివండి అనుభవము

భారతయుద్ధమున పదునైదవ దినమున అశ్వత్థామ చనిపోయెనని భీముడు కేకవేయగా ద్రోణుడు నమ్మలేదు. నిజము తెలిసికొనగోరి, అబద్ధమాడడని పేరుపొందిన ధర్మరాజును అడిగెను. అశ్వత్థామ హతుడయ్యెనని ధర్మరాజు బిగ్గరగ పలికి, చచ్చినది ఏనుగని మెల్లగ అనెను. ద్రోణుడు అస్త్రములు విడిచెను. అంతవరకు నేలకు నాలుగంగుళములు పైన నడచిన ధర్మరాజు రథము ఆనాడు నేలకు దిగెనని ఇతిహాసము చెప్పుచున్నది.

భీముని మాటకు లేని బలము ధర్మరాజు మాటకు ఉండుటయే ఈ కథలో గమనింపదగినది. ఆధునిక యుద్ధచరిత్రలో ధర్మరాజు స్థానము పత్రికలది. పాలకులు చెప్పిన మాటను ప్రజలు శంకింపవచ్చును. తాము నమ్మిన పత్రిక దానినే ప్రకటించినపుడు ఆ శంక సడలిపోవును. అందుచేత యుద్ధమును పురికొల్పు అసత్యమునకు పత్రిక తోడ్పాటు అత్యవసరము.

1898 ఫిబ్రవరి 15న క్యూబాలోని హవానా రేవులో అమెరికా యుద్ధనౌక మెయిన్ ప్రేలి, 250 మందికి పైగా మరణించిరి. కారణము తేలకముందే న్యూయార్కులోని హెర్స్ట్, పులిట్జర్ల పత్రికలు స్పెయిన్‌పై అనుమానము రేపు పెద్ద శీర్షికలు ప్రకటించినవి. ఏప్రిల్‌లో యుద్ధము ఆరంభమయ్యెను. ఆ యుద్ధమునకు ఇతర కారణములును కలవు. అయినను ప్రజల ఆవేశమునకు ఈ నౌకయే గుర్తయ్యెను. ఓడలోని బొగ్గునిలువలో రాజుకొన్న నిప్పే ప్రేలుడునకు కారణమై యుండునని అడ్మిరల్ రికోవర్ జరిపించిన పరిశీలన 1976లో తెలిపెను. అప్పటికి 78 ఏండ్లు గడచినవి.

1964 ఆగస్టు 2న టోంకిన్ అఖాతమున అమెరికా నౌకకును ఉత్తర వియత్నాం పడవలకును పోరు నిజముగనే జరిగెను. 4వ తేదీన రెండవ దాడి జరిగెనని ప్రభుత్వము ప్రకటింపగా పత్రికలు ఆ మాటను యథాతథముగ ప్రచురించినవి. 7వ తేదీన సెనేటు 88–2 ఓట్లతో అధ్యక్షునికి సైనికచర్యాధికారము నిచ్చెను. ఆ రెండవ దాడి జరుగలేదని 2005లో వెలువడిన అమెరికా రహస్యపత్రములు స్పష్టము చేసినవి.

ఇరాక్ విషయమున జరిగినది మరింత విచిత్రము. ఇరాక్ కొనజూచిన అల్యూమినియం గొట్టములు అణ్వాయుధముల తయారీకేనని అధికారులు చెప్పినట్లు 2002 సెప్టెంబరు 8న న్యూయార్క్ టైమ్స్ మొదటి పుటలో ప్రకటించెను. ఆనాడే ఉపాధ్యక్షుడు డిక్ చేనీ టెలివిజన్‌లో ఆ కథనమునే ప్రస్తావించెను. అధికారుల నోట వెడలిన మాట పత్రికకు చేరి, అచ్చటినుండి మరల అధికారులకే సాక్ష్యమై తిరిగివచ్చెను. ఒకే పోగును పడుగని ఒకసారి, పేకయని ఒకసారి చూపి గుడ్డ నేసితిమన్నట్లున్నది ఈ తీరు. నైట్ రిడ్డర్ సంస్థ విలేఖరులు ప్రభుత్వమందలి నిపుణులను విచారించి సందేహములు ప్రకటించిరి గాని వారి మాటకు వ్యాప్తి లభింపలేదు. 2003 మార్చిలో యుద్ధము వచ్చెను. చెప్పిన ఆయుధములు దొరకలేదు. తమ కథనములలో కొన్నిటిని తగినంత కఠినముగ పరీక్షింపలేదని టైమ్స్ సంపాదకులు 2004 మే 26న ఒప్పుకొనిరి. ఆరోపణకు మొదటి పుట, ఒప్పుకోలునకు లోపలి పుట లభించినవి. ఏనుగు మాట మెల్లగ పలుకుట యనగా ఇదియే.

భారతదేశమునకును ఈ అనుభవము తప్పలేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపిరి. మే 7న భారతసైన్యము ఆపరేషన్ సిందూర్ ఆరంభించెను. 8వ తేదీ రాత్రి పెక్కు టెలివిజన్ ఛానళ్లు భారతనౌకాదళము కరాచీ రేవును ధ్వంసము చేసెనని ప్రకటించినవి. ఆ పేరిట చలామణి యైన దృశ్యములలో ఒకటి ఆ ఏడు జనవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కూలిన విమానమునకు సంబంధించినది. రేవు చెక్కుచెదరలేదు. కరాచీపై దాడికి నౌకాదళము సిద్ధముగ నుండెనని మాత్రమే మే 11న సైనికాధికారులు చెప్పిరి. పాకిస్తాన్ వైపునను భారత మహిళా పైలట్ బందీ యయ్యెనను కల్లవార్త ప్రచారమయ్యెను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఇరుదేశములకును వర్తించెను.

కల్లవార్త యొక్క భారము సామాన్యునిపై పడును. మే 7న పూంచ్‌లో పాకిస్తాన్ ఫిరంగిదాడికి ఒక మదరసా ఉపాధ్యాయుడు బలియయ్యెను. కొన్ని ఛానళ్లు ఆయననే హతుడైన ఉగ్రవాదిగ చూపినవి. అది అసత్యమని పూంచ్ పోలీసులు ప్రకటింపవలసి వచ్చెను. శత్రువు గుండునకు మరణించినవానిని స్వదేశపు వార్తయే శత్రువని పిలిచెను.

ఇట్టి మాట ఒక ఊరిలో ఏమి చేయగలదో భివండి ఎరుగును. ఠాణే జిల్లాలోని ఈ పట్టణమున తెలంగాణము నుండి వచ్చిన పద్మశాలీలు, ఉత్తరప్రదేశము నుండి వచ్చిన అన్సారీలు, స్థానిక మరాఠీ కుటుంబములు మరమగ్గములను నమ్ముకొని జీవించుచున్నారు. తెలుగువారు సాంచాలని పిలుచు ఈ మగ్గములు ఒక్క కులమువలన, ఒక్క మతమువలన నడచునవి కావు. 1970లో, సరిగ మే 7వ తేదీననే, శివజయంతి ఊరేగింపు సందర్భమున ఇచ్చట ఘోరమైన అల్లరులు చెలరేగెను. మరునాడు జల్గావ్‌లోను మంటలు లేచెను. జస్టిస్ డి.పి. మదన్ కమిషన్ వీనిని విచారించెను. 1984 మేలో భివండి మరల తగులబడెను. కర్ఫ్యూ నాడు సాంచ ఆగినచో కూలివానికి ఆనాటి తిండి లేదు; అతడు హిందువో ముస్లిమో ఆకలి అడుగదు.

1988 ప్రాంతమున పోలీసు ఉపకమిషనర్ సురేశ్ ఖోపడే పేటపేటకు మొహల్లా కమిటీలు ఏర్పరచెను. ఇరుమతముల ఇరుగుపొరుగువారును పోలీసులును ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుట అలవాటయ్యెను. వదంతి వినినవాడు, అది ఎవరిని గూర్చినదో వారినే అడిగి తెలిసికొను వీలు కలిగెను. 1992 డిసెంబరులోను, 1993 జనవరిలోను బొంబాయి రక్తసిక్తమైనపుడు, పూర్వము రెండుమారులు కాలిన భివండి శాంతముగ నుండెను. ఈ ఫలితమున ఆ కమిటీల పాత్రను పరిశీలకులు ముఖ్యముగ ఎన్నిరి.

వార్తాసంస్థలకు వేలకొలది ఉద్యోగులు, ఉపగ్రహములు, యంత్రములు కలవు. భివండి పేటలలోని నేతగాండ్రకు అవేవియు లేవు. అయినను నమ్ముటకు ముందు అడుగవలెనను నియమమును వారు పాటించిరి. తాను యుద్ధమును కోరుచున్న వేళ తనకు అనుకూలమైన వార్తను శంకించుట కష్టము. పత్రికకు పరీక్ష అప్పుడే. పాఠకునికిని అంతే. ద్రోణుడు ధర్మరాజు నొక్కనినే అడిగెను. రెండవవానిని అడిగి యుండినచో, చచ్చినది ఏనుగని తెలిసి యుండెడిది.