మూడు పచ్చ దీపాలు: యుద్ధం నేర్పిన పాఠం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. రెండో ప్రపంచ యుద్ధం మన గడప దాకా వచ్చేసింది. ఆ యుద్ధకాలంలోనే తాడేపల్లిగూడెంలో విమానాశ్రయం వెలిసింది. పోరు ముగిశాక సైనిక విమానాల రాకపోకలు ఆగిపోయినా ‘విమానాశ్రయ భూములు’ అన్న పేరు మాత్రం ఊరి నోట నిలిచిపోయింది. ఇప్పుడు ఆ భూముల్లోనే 2015లో మొదలైన నిట్ ఆంధ్రప్రదేశ్ ప్రాంగణం ఉంది.

అదే యుద్ధంలో అమెరికా వైమానిక దళాన్ని ఓ చిక్కు వేధించింది. బీ-17 బాంబర్లు క్షేమంగా నేల దిగేవి. రన్‌వే మీద పరుగు తీస్తుండగానే ఉన్నట్టుండి చక్రాలు ముడుచుకుని బోర్లాపడేవి. తప్పంతా పైలట్లదే అనుకున్నారు.

కాదని తేల్చినవాడు అల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. కాక్‌పిట్‌లో చక్రాల స్విచ్, రెక్కల ఫ్లాప్స్ స్విచ్ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయి. అలసిన పైలట్ ఒకటి బదులు మరొకటి నొక్కేవాడు. ఆ అమరిక లేని సీ-47 రవాణా విమానాల్లో ఈ బెడద లేదు. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకు రెక్క ఆకారం తగిలించాలన్నాడు చపానిస్. చూడకుండానే చేతికి తెలిసిపోతుంది. ఆ ఆకారాలే నేటికీ విమానాల్లో నియమం.

చేతి పొరపాటుకు అలా అడ్డుకట్ట పడింది. మరి చక్రం నిజంగా దిగి, గట్టిగా బిగుసుకుందని ఎలా తెలియాలి?

1953లో అమెరికాలో ఔత్సాహిక విమాన నిర్మాతల సంఘం పుట్టింది. అప్పటి నుంచి ఇంట్లోనే విమానం కట్టుకునేవారు కూడా ఈ ప్రశ్నకు తామే జవాబు అమర్చుకోవలసి వస్తోంది. చక్రాలు ముడుచుకునే విమానాన్ని జాకీల మీద ఎత్తి, ఒక్కో చక్రపు కాలిని దించి, లాక్ దగ్గర ఒక మైక్రోస్విచ్ బిగిస్తారు. లాక్ పూర్తిగా పడ్డాకే అది కలిసి, కాక్‌పిట్‌లో పచ్చ దీపం వెలగాలి. వెంట్రుకవాసి ముందే కలిసినా పచ్చ దీపం అబద్ధం చెబుతుంది. మడత పడే చోట వైరుకు కాస్త వదులు ఉంచకపోతే నాలుగు రోజుల్లో తెగిపోతుంది. మూడు కాళ్లకు మూడు దీపాలు. ఇంజిన్ వేగం తగ్గించినప్పుడు ఏదైనా కాలు లాక్ కాకుంటే హారన్ మోగాలి. విమానం బరువు చక్రాల మీద ఉన్నంతసేపూ అవి ముడుచుకోకుండా ఆపే స్విచ్ ఇంకొకటి.

ఏలూరు, కొల్లేరు పరిసరాల్లాంటి తేమ నేలల్లో స్విచ్ లోపలి రేకులు తొందరగా తుప్పు పడతాయి. అలాంటిచోట లోహాన్ని తాకకుండానే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ మేలు.

తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు తమ కాళ్ల కింది నేల కథ తెలుసుకోవాలి. నిట్ ప్రాంగణంలో పాత విమానాశ్రయ చరిత్ర చెప్పే పలకను, ప్రయోగశాలలో మూడు పచ్చ దీపాలు వెలిగే ల్యాండింగ్ గేర్ నమూనాను అధికారులు ఏర్పాటు చేయాలి.