పొరక పట్టినవాళ్ళకు పాఠం ఎవరు చెప్పారు?

బెంగళూరు తెలుగువాళ్ళ చరిత్ర అనగానే మనం పేటలోని వ్యాపారులు, సంగీత విద్వాంసులు, సినిమా హాళ్ళ గురించి చెప్పుకుంటాం. ఈసారి తెల్లారకముందే మన వీధిలోకి వచ్చే మనవాళ్ళ గురించి చెప్పుకుందాం. ఈ ఊరి పౌరకార్మికుల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి తరతరాలుగా వచ్చినవాళ్ళు, చాలావరకు మాదిగ కుటుంబాలవాళ్ళు. మేస్త్రీ కన్నడంలో కేకేస్తే తెలుగులో బదులు వినిపించే వీధులు మనకు కొత్త కాదు. మరి నగరాన్ని శుభ్రంగా ఉంచే ఈ పనికి వందేళ్ళకు పైగా శిక్షణ ఎవరికి అందింది?

1898 ఆగస్టులో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. పేట ఇరుకు సందుల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ దెబ్బతోనే బసవనగుడి, మల్లేశ్వరం లాంటి కొత్త బడావణెలకు ఊపొచ్చింది. వెడల్పాటి రోడ్లు, గాలి, వెలుతురు అన్నీ ఆలోచించి గీశారు. ఇళ్ళ వరుసల వెనక సన్నటి సందు కూడా గీశారు. దాన్ని కన్సర్వెన్సీ లేన్ అనేవారు. పాయఖానాలు పెరట్లో ఆ సందువైపు ఉండేవి. మలం ఎత్తే మనిషి ముందు వాకిట్లో ఎవరి కంటా పడకుండా వెనక నుంచి వచ్చి, బుట్ట నింపుకుని, వెనక నుంచే పోవాలి. ప్లేగు నేర్పిన పాఠాన్ని ఇంజనీర్లు ఇంత వివరంగా నేలమీద గీశారు గానీ, ఆ సందులో నడిచే మనిషి చేతులకు, ఊపిరికి ఆ గీతలో చోటు లేదు. ఈమధ్య మల్లేశ్వరంలో ఆ సందులకు రంగులు వేసి నడకదారులు చేశారు. చూడ్డానికి బాగున్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆ సందు ఎందుకు పుట్టిందో కూడా ఒక మాట చెప్పండి.

ఇక శిక్షణ సంగతి. 1926లో బొంబాయిలో అఖిల భారత స్థానిక స్వపరిపాలన సంస్థ మొదలైంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ కోర్సుకు అది పెట్టింది పేరు. 1930ల్లో మైసూరు ప్రభుత్వం రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో మన పక్కనే రామనగరంలో ప్రజారోగ్య సిబ్బందికి శిక్షణ కేంద్రం పెట్టింది. ఇన్‌స్పెక్టరు నేర్చుకునేది చిన్న చదువేమీ కాదు. నీళ్ళలో క్లోరిన్ కలపడం, దోమల గుడ్లు వెతకడం, ఆహార కల్తీ పట్టడం, టీకాలు, జనన మరణాల లెక్క, ఇవన్నీ అందులో ఉంటాయి. కలరా, మశూచి అదుపులోకి రావడంలో ఆ ఇన్‌స్పెక్టర్ల కష్టం చాలా ఉంది. కానీ ఆ తరగతి గదిలోకి వెళ్ళాలంటే ముందు బడి చదువు ఉండాలి. పొరక పట్టే ఇంట్లో అది ఎక్కడిది? అదీగాక, ఊడ్చే పనికి నేర్చుకునేదేముంది, పుట్టుకతోనే వస్తుంది కదా అన్న నమ్మకం ఒకటి అందరిలో ఉండేది. కులాన్నే అర్హత పత్రంగా చూశారన్నమాట.

1970 దశకంలో కొంత కదలిక వచ్చింది. దేవరాజ్ అర్స్ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న బి.బసవలింగప్ప మలాన్ని నెత్తిన మోసే పద్ధతిని నిషేధించారు. ఐ.పి.డి.సాలప్ప కమిటీ ఈ కార్మికుల బతుకుల మీద నివేదిక ఇచ్చింది. అయిదొందల మంది జనాభాకు ఒక పౌరకార్మికుడు ఉండాలన్న సాలప్ప లెక్కను సంఘాలు ఇప్పటికీ పట్టుకుని అడుగుతున్నాయి.

పుట్టుకతో వచ్చే పని అనే మాట ఎంత ప్రమాదమో మ్యాన్‌హోల్ దగ్గర తెలుస్తుంది. మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు తిరిగి రాడు. అతన్ని లాగుదామని వెనకే దిగిన తమ్ముడో, అన్న కొడుకో కూడా రాడు. ఒకే గుంటలో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తల వెనక చాలాసార్లు జరిగేది ఇదే. తాత తండ్రుల నుంచి వచ్చిన అనుభవం ఇక్కడ పనికిరాదు. గ్యాస్ కొలిచే పరికరం కావాలి, దిగకూడదని చెప్పే హక్కు కావాలి, ఆ హక్కు తనకుందని తెలిసే భాషలో ఎవరో చెప్పాలి.

ఈ పోరాటాన్ని దేశమంతటికీ తీసుకెళ్ళిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టినవారు. ఆయన కుటుంబానిదీ ఇదే పని. 2016లో ఆయనకు రామన్ మెగసెసె పురస్కారం వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం.

బెంగళూరులో ఇంకో మలుపు చెత్త వేరుచేయడంతో వచ్చింది. 2012లో మావళ్ళిపుర డంపు మూతపడి వీధులన్నీ చెత్తకుప్పలయ్యాయి. 2015 డిసెంబరులో హైకోర్టు రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసింది. తడి చెత్త ఏది, పొడి చెత్త ఏది అని ఇంటింటికీ చెప్పే పని మనవాళ్ళ మీద పడింది. నిన్నటిదాకా ఎవరూ పాఠం చెప్పని మనిషి రాత్రికి రాత్రి పంతులమ్మ అయింది. అదీ కన్నడం, తమిళం, హిందీ అన్నీ కలిపి! 2017లో ప్రభుత్వం కొందరు పౌరకార్మికులను సింగపూర్ చూపించడానికి తీసుకెళ్ళింది. మంచిదే. అక్కడ యంత్రాలు చూసి వచ్చారు, ఇక్కడ చేతికి మళ్ళీ పొరకే వచ్చింది.

ఇప్పుడు ఈ ఇళ్ళ పిల్లలు పదో తరగతి, ఇంటరు దాటుతున్నారు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా వాళ్ళకు అందని చదువేమీ కాదు. అమ్మ ఊడ్చిన వార్డుకే కూతురు ఇన్‌స్పెక్టరుగా రావచ్చు. ఆ వివరాలు మన సంఘం పిల్లలకు తెలుగులో చెప్పడం మన చేతిలో పనే.

మరో విషయం కూడా చాలామందికి తెలియదు. 2013 చట్టం 13వ సెక్షన్ ప్రకారం, చేతులతో మలం ఎత్తే పనివారిగా జాబితాకెక్కిన వ్యక్తికి గానీ, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరికి గానీ వేరే జీవనోపాధిలో శిక్షణ ఇవ్వాలి. ఆ శిక్షణ కాలంలో నెలకు 3,000 రూపాయలకు తగ్గకుండా భృతి కూడా ఇవ్వాలి. ముందు ఆ జాబితాలో పేరుందో లేదో చూడాలి. మీ వీధిలో ఎవరైనా అలాంటివాళ్ళుంటే, వాళ్ళతో కలిసి ఒకసారి ఆఫీసుకు వెళ్ళి రండి.