సున్నపు బట్టీ, నేతి బాణలి

సున్నపురాయిని బట్టీలో కాల్చితే సున్నము వస్తుందని కర్నూలు, కడప ప్రాంతముల విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు సున్నపురాతి జాతికి చెందినవే. ఎఱ్ఱగుంట్ల సిమెంటు కార్ఖానాలకు ముడిసరుకు కూడ ఆ రాయే. నూరు పాళ్ల స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చితే 44 పాళ్లు బొగ్గుపులుసుగాలిగా, అనగా కార్బన్ డయాక్సైడుగా ఎగిరిపోతుంది. 56 పాళ్లు పొడిసున్నము మిగులుతుంది. పోయిన గాలి కంటికి కనబడదు. మిగిలిన వస్తువు మాత్రము గుణములో పూర్తిగా వేరు. రాయి నీటిలో ఊరక పడి ఉంటుంది. పొడిసున్నము నీరు తగలగానే కుతకుత ఉడుకుతుంది.

ఇటువంటి మార్పే ఒక మొక్కలోని పదార్థమునకు కూడ కలుగుతుంది. ఆ మొక్క గంజాయి. వంటవాండ్రకు, వైద్యులకు ఈ సంగతి అనుభవముచేత ఏనాడో తెలుసు. కారణము తెలియుటకు మాత్రము ఇరువదవ శతాబ్ది నడుమ వరకు ఆగవలసి వచ్చినది.

1839వ సంవత్సరము కర్నూలు చరిత్రలో ముఖ్యమైనది. నవాబు గులాం రసూల్ ఖానును ఆ యేడు కుంఫిణీవారు పదవినుండి తొలగించినారు. కడప సీమ అంతకు ముందే, 1800లో, నిజామునుండి వారి పరమైనది. ఆ 1839లోనే కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రము బోధించు విలియం బ్రూక్ ఓషానెస్సీ గంజాయిని గూర్చి ఒక వ్యాసము చదివినాడు. తరువాతి కాలమున మన దేశములో తంతివార్తల మార్గములు వేయించినవాడు ఈయనే. ఈయన పండితులను, హకీములను అడిగి తెలుసుకొన్నాడు, జంతువులపై పరీక్షించినాడు, పిదప ధనుర్వాతము వంటి వ్యాధులలో రోగులకు ఇచ్చి చూచినాడు.

మాజూన్ అను మత్తుమిఠాయిని ఎట్లు చేసేవారో కూడ ఆయన వ్రాసి ఉంచినాడు. ఆకును నేతితో, నీటితో కలిపి బొగ్గుల పొయ్యిమీద కలియబెట్టుచు కాచేవారు. నీరంతా ఇగిరి, నెయ్యి చిటపటలాడిన తరువాత గుడ్డలో వడపోసేవారు. పిప్పిని పారవేసి నేతిని ఉంచుకొనేవారు. సత్తువ అంతా నేతిలోనికి దిగినదని వారికి తెలుసునన్నమాట. మన వైద్యశాస్త్రములో విజయ అను పేరుగల ఈ ఆకును నేతిలో వేయించుటకు శోధన అని పేరు. దోషము పోవుటకు చేసే సంస్కారము అది. కాని ఈ వేడి చేసే పని దోషమును తీయుట ఒక్కటే కాదు, నిద్రించుచున్న మత్తును లేపుట కూడ.

1893లో నాటి ప్రభుత్వము గంజాయి విషయమై విచారణ సంఘమును నియమించినది. అది 1193 మంది సాక్షుల మాటలు సేకరించి, 1894లో నివేదిక సమర్పించినది. కర్నూలు, కడప అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. ఆ రాజధానిలో గంజాయి పండించే చోట్లలో, నాటి కృష్ణా జిల్లా బాపట్ల ప్రాంతపు సంతరావూరు ఒకటి. పొలములను, దుకాణములను లెక్కించగలిగిన ఆ సంఘమునకు, ఆకులో మత్తు ఎంత ఉన్నదో కొలిచే సాధనము లేదు.

ఆ కాలముననే, 1896లో, కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డు అను రసాయనికులు గంజాయి జిగురును బట్టీపట్టి అందులోని పదార్థములను వేరుచేయ ప్రయత్నించినారు. అక్కడే ఒక చిక్కు ఉన్నది. బట్టీపట్టుట అంటే వేడిచేయుటే గదా! వేడికి మారిపోయిన పదార్థమే వారి చేతికి వచ్చినది; పచ్చిమొక్కలో ఉండినది వారికి కనబడలేదు.

1955లో చెకోస్లొవేకియా శాస్త్రజ్ఞులు క్రెయిచీ, శాంతవీ ఈ మొక్కనుండి ఒక ఆమ్లమును వేరుచేసినారు. 1964లో ఇజ్రాయెలులో గావోనీ, మెషూలం మత్తుకు ముఖ్యకారణమైన టెట్రాహైడ్రోకన్నాబినాలును శుద్ధముగా తీసి, దాని నిర్మాణమును నిర్ణయించినారు. మరుసటి యేడు జర్మనీలో కోర్టే బృందము దాని ఆమ్లరూపమును కనుగొన్నది. పచ్చిమొక్కలో ఎక్కువగా ఉండేది ఈ ఆమ్లమే. ఇది దాదాపు మత్తు కలిగించదు. దీని అణుభారము సుమారు 358. వేడి తగిలితే 44 పాళ్ల బొగ్గుపులుసుగాలి విడిపోయి, 314 అణుభారముగల మత్తుపదార్థము మిగులుతుంది. సున్నపు బట్టీలోనుండి పోయిన గాలియే ఇది. ఆ 44 అంకె కూడ అదే. అయితే సున్నపురాతికి సుమారు 900 డిగ్రీల వేడి కావాలి. ఈ ఆమ్లమునకు వంటింటి పొయ్యి వేడి చాలును. అంతేకాదు, ఆకును ఎండబెట్టి నిలువ ఉంచినా ఈ మార్పు నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

దీనివలన వైద్యములో పెద్ద చిక్కు ఏర్పడినది. ఒకే తూకపు మందు ఒక రోగిపై పనిచేయదు, మరొకరిని స్పృహ తప్పిస్తుంది. మొక్క జాతి, నిలువ, తగిలిన వేడి మారితే బలము మారుతుంది. 1932లో బ్రిటిష్ ఔషధసంహితనుండి గంజాయిని తీసివేయుటకు ఇది ఒక కారణము. ఎంత ఉన్నదో తెలియని వస్తువు మందు కాజాలదు.

ఈ పాఠము నేటికీ అవసరమే. తిన్న మత్తుపదార్థము కాలేయములో మరింత బలమైన రూపము పొందుతుంది. అది తలకెక్కుటకు గంట, రెండు గంటలు పట్టవచ్చును. ఏమీ కాలేదనుకొని మరికొంత తిన్నవారు అపాయములో పడుతున్నారు. ఎదిగే వయస్సులోని మెదడుకు దీనివలన చేటు ఎక్కువ. అనుమతి లేని గంజాయి సాగు, అమ్మకము 1985 నాటి చట్టము ప్రకారము నేరములు.

ఈ రసాయనమును తరగతిలో చూపుటకు ఆ మొక్కతో పని లేదు. తినే సోడాను పరీక్షనాళికలో వేడిచేసి, వెలువడే గాలిని సున్నపుతేటలోనికి పంపండి. తేట పాలవలె తెల్లబడుతుంది. ఇక్కడ కూడ వేడికి విడిపోయినది బొగ్గుపులుసుగాలియే. పొయ్యిమీద పెట్టిన వస్తువు కరుగుటయో, ఎండుటయో మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు వేరొక వస్తువే అవుతుందని విద్యార్థి అప్పుడు కన్నులారా గ్రహిస్తాడు.