సైనికుల దురాగతాల విచారణ: హైదరాబాద్ సంస్థానం, 1948

యుద్ధంలోగానీ, యుద్ధం ముగిసిన వెంటనేగానీ సైనికులు పౌరులను చంపారని, దోచుకున్నారని ఆరోపణ వచ్చినప్పుడు నిజానిజాలు తేల్చే పని సైనిక న్యాయశాస్త్రంలో అన్నిటికన్నా కష్టమైనది. తెలుగు నేల మీద ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా తలెత్తింది 1948 సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టిన తర్వాత. అప్పుడు జరిగిన దర్యాప్తు సైనిక న్యాయాధికారి చేసినది కాదు. పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలోని పౌర ప్రతినిధి బృందం చేసిన పర్యటన అది. నిజామాబాద్ జిల్లా ఆ సంస్థానంలోని పదహారు జిల్లాల్లో ఒకటి. దానికి పడమటి పొరుగున ఉన్న నాందేడ్‌ను ఈ బృందం అత్యంత దెబ్బతిన్న జిల్లాల్లో చేర్చింది.

సైనిక చర్యకు ముందే సంస్థానంలో రక్తం పారింది. కాశిం రజ్వీ నడిపిన రజాకార్లు నిజాం పోలీసుల అండతో గ్రామాల మీద పడి దోచారు, చంపారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన ఊచకోత తెలంగాణ జ్ఞాపకంలో ఇప్పటికీ పచ్చిగానే ఉంది. అదే నెలలో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో హత్య చేశారు. సెప్టెంబరు 13న ‘ఆపరేషన్ పోలో’ మొదలైంది. ప్రజలు దీన్ని పోలీసు చర్య అనే అంటారు. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ముందు లొంగిపోయాడు. చౌదరి సైనిక గవర్నరయ్యాడు.

ఐదు రోజుల్లో ముగిసిన యుద్ధానికన్నా ఆ తర్వాతి వారాలే ఎక్కువ ప్రాణాలు తీశాయి. రజాకార్ల మీది పగ రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాల మీద తీరింది. ఆ వార్తలు ఢిల్లీకి చేరాక నెహ్రూ ప్రభుత్వం బృందాన్ని పంపింది. సుందర్‌లాల్ స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసినవాడు. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన ‘భారత్ మే అంగ్రేజీ రాజ్’ రచయిత. ఆయనతో పాటు హైదరాబాద్ ఉర్దూ పత్రిక ‘పయామ్’ నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ సభ్యులు. నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు వారు తొమ్మిది జిల్లాల్లో తిరిగారు. ఏడు జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 పెద్ద గ్రామాలు చూశారు. తాము వెళ్లలేకపోయిన మరో 109 గ్రామాల నుంచి వచ్చిన ఐదువందల మందికి పైగా మనుషులతో మాట్లాడారు.

ఎంత జాగ్రత్తగా లెక్కించినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే సుమారు 18 వేల మంది మరణించారని వారు రాశారు. బావుల్లో కుళ్లుతున్న శవాలను కళ్లారా చూశామని కూడా రాశారు. హత్యలు, దోపిడీ ఎక్కువచోట్ల సాయుధ గుంపులు చేసినవే. అయితే కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు అందులో పాలుపంచుకున్నారని, మూకను దోపిడీకి ప్రోత్సహించారని, కొన్ని ఊళ్లలో ముస్లిం మగవాళ్లను బయటికి తెచ్చి చంపారని నివేదిక నమోదు చేసింది. మొత్తం మీద సైన్యం క్రమశిక్షణతో నడిచిందని, చౌదరి వంటి అధికారులు మతద్వేషం లేనివారని కూడా అందులోనే ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువుల ఉదంతాలూ ఉన్నాయి. ఈ రెండు వైపులనూ దాచకుండా రాయడమే ఆ పత్రానికి నమ్మకం తెచ్చిపెడుతోంది.

అయినా ఆ నివేదికతో ఏ సైనికుడినీ బోనులో నిలబెట్టడం సాధ్యం కాదు. తాము విచారణ సంఘం కాదని, సామరస్యం కోసం వచ్చిన సద్భావనా బృందమని సభ్యులే స్పష్టంగా చెప్పుకున్నారు. ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకునే అధికారం వారికి లేదు. ఏ దళం, ఏ రోజు, ఎవరి ఆదేశం మీద ఏ ఊళ్లో ఉందో సైనిక రికార్డులు తెప్పించి సరిచూసే వీలూ లేదు. హోంమంత్రి పటేల్ ఆ బృందం పరిధినే ఒప్పుకోలేదు. ప్రభుత్వం నివేదికను బయటపెట్టలేదు. దశాబ్దాల తర్వాత పరిశోధకులు కొన్ని భాగాలు ప్రచురించారు. 2013 నాటికి ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో ప్రతి చదవడానికి వీలు చిక్కింది. మరోవైపు, సైనిక చర్య తర్వాతి ఏళ్లలోనే కాశిం రజ్వీని ప్రత్యేక ట్రిబ్యునల్ విచారించి శిక్షించింది. 1957లో విడుదలై అతడు పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఓడినవారి నేరాలకు కోర్టు ఉంది. గెలిచినవారి మీద వచ్చిన ఆరోపణలకు మూసి ఉంచిన కాగితం మిగిలింది. ఇది అన్యాయమే.

ఆ ఖాళీని పూడ్చవలసిన వ్యవస్థ సైన్యంలోనే ఉంది. జడ్జ్ అడ్వకేట్ జనరల్ శాఖలో న్యాయపట్టా పొందిన అధికారులు పనిచేస్తారు. 1948లో అమల్లో ఉన్నది 1911 నాటి సైనిక చట్టం. ఇప్పటిది 1950 చట్టం. ఆరోపణ వచ్చినప్పుడు మొదట కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూర్చుంటుంది. ఎవరి ప్రతిష్ఠకు భంగం కలిగే అవకాశం ఉందో ఆ సైనికుడు అక్కడ హాజరై సాక్షులను ప్రశ్నించవచ్చు. అక్కడ చెప్పిన మాటలు తర్వాతి విచారణలో అతడి మీద సాక్ష్యంగా చెల్లవు. అందుకే కమాండింగ్ ఆఫీసర్ ముందు అభియోగం విన్నాక సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ పేరుతో వాంగ్మూలాలు మళ్లీ రాసుకుంటారు. అభియోగం నిలబడుతుందా, ఏ సెక్షన్ కింద పెట్టాలి అన్నదానిపై న్యాయాధికారి సలహా చెబుతాడు. జనరల్ కోర్టు మార్షల్‌లో కనీసం ఐదుగురు అధికారులు కూర్చుంటారు. చట్టం విషయంలో వారికి దారి చూపేది జడ్జ్ అడ్వకేట్. తీర్పు పై అధికారి ధ్రువీకరిస్తేనే అమలవుతుంది. సలహా ఇచ్చేవాడు, నిర్ణయించేవాడు, ధ్రువీకరించేవాడు అందరూ ఒకే యూనిఫారం వేసుకున్నవాళ్లు కావడం ఈ ఏర్పాటులోని బలహీనత.

పౌరుడిని చంపిన కేసును 1950 చట్టంలోని 70వ సెక్షన్ సాధారణంగా కోర్టు మార్షల్ పరిధి నుంచి తప్పిస్తుంది. సైనికుడు ‘యాక్టివ్ సర్వీస్’లోగానీ, దేశం వెలుపలగానీ ఉంటే మాత్రం సైన్యమే విచారించవచ్చు. ఈ వెసులుబాటు ఎటు దారితీస్తుందో కశ్మీర్‌లో కనిపించింది. 2000లో పత్రిబల్‌లో ఐదుగురు పౌరులను చంపిన కేసులో సీబీఐ సైనికాధికారుల మీద అభియోగపత్రం వేసింది. ఎక్కడ విచారించాలో సైన్యమే ఎంచుకోవచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. సైన్యం కేసు తీసుకుని, సాక్ష్యం చాలదంటూ 2014లో మూసేసింది. 2010 నాటి మచిల్ బూటకపు ఎదురుకాల్పుల కేసులో కోర్టు మార్షల్ యావజ్జీవ శిక్షలు వేసింది. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ వాటిని నిలిపివేసింది.

ఆస్ట్రేలియా చేసిన పని ఇందుకు భిన్నమైనది. అఫ్గానిస్తాన్‌లో తమ ప్రత్యేక దళాల మీద వచ్చిన ఆరోపణలను విచారించే పనిని 2016లో పాల్ బ్రెరెటన్‌కు అప్పగించారు. ఆయన అప్పుడు న్యూసౌత్‌వేల్స్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి, రిజర్వు సైన్యంలో మేజర్ జనరల్ కూడా. నాలుగేళ్లలో నాలుగువందల మందికి పైగా సాక్షులను విచారించి, 23 ఘటనల్లో 39 మందిని చట్టవిరుద్ధంగా చంపినట్టు నమ్మదగిన సమాచారం ఉందని 2020 నవంబరులో నివేదించాడు. సాక్షులను బలవంతంగా మాట్లాడించే అధికారం ఆయనకు ఉండేది. కానీ అలా చెప్పింది వారి మీదే వాడకూడదు. దాంతో నేరవిచారణకు సాక్ష్యాన్ని కొత్తగా పోగుచేసే ప్రత్యేక కార్యాలయం పెట్టవలసి వచ్చింది. నివేదిక పేర్లు తొలగించి ప్రజలకు అందింది.

మళ్లీ భారత్ విషయానికి వస్తే, సైనిక చట్టం ప్రకారం కోర్టు మార్షల్‌కు మూడేళ్ల గడువు ఉంటుంది; సైన్యంలోనే మొదలు పెట్టదలచిన విచారణ ఆలోగా మొదలు కావాలి. సాధారణ కోర్టులో హత్యకేసుకు గడువు లేదు. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం కింద, ఆ ఒప్పందాల రక్షణ ఉన్న వ్యక్తిని కావాలని చంపితే మరణశిక్షగానీ యావజ్జీవంగానీ పడుతుంది. అయితే ప్రభుత్వ ఫిర్యాదు లేకుండా కోర్టు ఆ కేసు చేపట్టదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనం మీద భారత్ సంతకం చేయలేదు.